రాహుకాలంలో కుదిరిన నూట ముప్పై ఒక్క సంబంధాలు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, కుర్చీలోంచి లేవకుండా, అసలు నోరే తెరవకుండా, ఒక శుక్రవారం పొద్దున గంటన్నరలో నూట ముప్పై ఒక్కమందికి సంబంధాలు కుదిర్చాను. అదీ ఆషాఢంలో. ఇంత పుణ్యం ఒకేసారి మూటగట్టుకున్న మనిషి కడప, కర్నూలు జిల్లాలు రెండింట్లో వెతికినా ఇంకొకరు దొరకరు. ఆ పుణ్యం బరువుకు ఒక పెద్దమనిషి బీపీ మాత్ర ఒకటి కాస్తా రెండైంది. ఒక అమ్మాయి పెళ్ళి పీటల దాకా పోకముందే పీటలు విరగబోయాయి. కూర్చుని చదవండి, ఇది నిలబడి వినేంత చిన్న అవమానం కాదు.

అది 2007. నాకు ఇరవై మూడేళ్ళు. కర్నూల్లో ఎంసీఏ ముగించి కడపలో మస్తానన్న కంపెనీలో చేరాను. కంపెనీ అంటే అద్దాల మేడ ఊహించుకునేరు. టైర్ల అంగడి మీద రెండు గదులు, మూడు కంప్యూటర్లు, ఎండాకాలం మనుషులకంటే ముందే సొమ్మసిల్లే యూపీఎస్ ఒకటి. వెబ్‌సైట్లు రాయడం నా పని. మాట్లాడటం నా పని కాదని నేనే నిర్ణయించుకున్నాను. ఆటో మా వీధి దాటి పోతుంటే ‘ఇక్కడ ఆపన్నా’ అనలేక, ఇంకెవరో దిగేచోట దిగి వెనక్కి నడిచొచ్చే జాతి నాది. రోజూ డైరీ రాసేదాన్ని. ఆ రోజుల్లో ఒక పేజీ మొత్తం ఇంతే: ‘ఈరోజు ఆఫీసులో మూడు మాటలు మాట్లాడాను. సరే, సరే, సరేనన్నా. మూడోది కొంచెం ఎక్కువైందేమో.’

ఆ ఏడాది జ్యేష్ఠం చివర్లో కేశవయ్య శెట్టిగారు మా మెట్లెక్కి వచ్చారు. ముప్పై ఏళ్ళుగా పెళ్ళి సంబంధాలు చూస్తున్న మనిషి. ఆయన చేతిసంచిలో రెండు జిల్లాల పెళ్ళికాని పిల్లల ఫోటోలన్నీ ఉండేవి. ఆషాఢంలో ఎవరూ సంబంధాలు మాట్లాడరు కాబట్టి ఆ నెలలో ఆఫీసుకు సున్నం వేయించుకోవడం ఆయన అలవాటు. ఆ ఏడు సున్నానికి బదులు వెబ్‌సైటు వేయించుకుందామనుకున్నారు.

సైటు పని సులువే. పిల్లల వివరాలు, ఫోటోలు అందరూ చూడొచ్చు. నచ్చితే ‘ఆసక్తి ఉంది’ అని తెలపవచ్చు. సంబంధం ఖాయమైనప్పుడు శెట్టిగారి మధ్యవర్తులు, మైదుకూరులో ఒకరు, వేంపల్లెలో ఒకరు, కర్నూల్లో ఒకరు, తమ పేజీలో ఆ అబ్బాయి పేరు పక్కనా, అమ్మాయి పేరు పక్కనా ‘సంబంధం కుదిరింది’ అని నొక్కాలి. వెంటనే ఫోటో జాబితాలోంచి తప్పుకుంటుంది. ఆ ఇంటికి ‘అభినందనలు, మీ సంబంధం కుదిరింది’ అని ఫోనులో మెసేజీ పోతుంది. ఆసక్తి చూపిన మిగతా ఇళ్ళకు ‘మీరు చూసిన సంబంధం వేరేచోట కుదిరింది, మీకూ త్వరలో శుభం జరగాలి’ అని ఇంకో మెసేజీ పోతుంది. శెట్టిగారికి సైటు మొత్తంలో బాగా నచ్చినవి ఆ మెసేజీలే.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి. పరీక్ష ఉండదు, భయపడకండి. వెబ్‌సైటు దగ్గరికి వచ్చే ప్రతి విన్నపానికీ ఒక పద్ధతి ఉంటుంది. ముఖ్యమైనవి రెండు: గెట్, పోస్ట్. గెట్ అంటే చూపించమని అడగడం. పోస్ట్ అంటే ఒక పని చెయ్యమని చెప్పడం. ఇదే సంగతి నా డైరీలో ఇంకా బాగా రాసుకున్నాను: ‘గెట్ అంటే పెళ్ళిచూపులు. పోస్ట్ అంటే తాంబూలాలు మార్చుకోవడం. చూపులకు ఎంతమందైనా వచ్చి, బజ్జీలు తిని, కాఫీ తాగి పోవచ్చు, ఎవరికీ ఏ బాధ్యతా లేదు. తాంబూలం చేతిలో పడిందంటే మాత్రం మాట ఇచ్చినట్టే.’ ఈ వాక్యం కింద రెండు గీతలు కూడా కొట్టుకున్నాను. అంటే తెలియక చేసిన తప్పు కాదన్నమాట. తెలిసి, రాసుకుని, గీతలు గీసుకుని మరీ చేశాను.

సైటుకు చట్రంగా మేము వాడే ఫ్రేమ్‌వర్క్‌లో దారుల పట్టిక అని ఒక ఫైలు ఉంటుంది. ఫలానా చిరునామాకు గెట్‌తో వచ్చినవాళ్ళను ఈ గదికి పంపు, పోస్ట్‌తో వచ్చినవాళ్ళను ఆ గదికి పంపు అని అందులో రాస్తాం. ‘కుదిరింది’ అనే చిరునామాకు నేను పోస్ట్ మాత్రమే అని రాశాను. ఎవరైనా గెట్‌తో వస్తే ఫ్రేమ్‌వర్క్ గుమ్మంలోనే ఆపి, ‘ఈ పద్ధతికి అనుమతి లేదు’ అని వెనక్కి పంపేస్తుంది. మంచి వాచ్‌మన్ లాంటిది. ఇక్కడితో ఆగి ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన పనే ఉండేది కాదు.

ఆషాఢం మొదటి వారంలో శెట్టిగారు సైటు చూడటానికి వచ్చారు. మధ్యవర్తుల పేజీ తెరిచాను. ఆయన తెరమీద వేలు పెట్టారు.

“ఇదేందమ్మా ఇది?”

“బటన్ సార్. సంబంధం కుదిరినాక అది నొక్కాల.”

“నొక్కాల సరే. ఇట్లుండాదేంది, కడప బండ మాదిరి?”

నిజమే. ఆ కాలపు బటన్లు బూడిదరంగులో, మొద్దుగా, అచ్చం ఇంటిముందు పరిచే నాపరాయిలాగే ఉండేవి. దానికి రంగు వేసే విద్య నాకింకా అబ్బలేదు.

“శుభమా అని పెండ్లి కుదిరితే సమాధి రాయి నొక్కమంటావా పాపా? పక్కనుండే ఆ గీత అక్షరాలు సూడు, ఎంత సక్కగుండాయో. దీన్ని గూడ అట్ల చేసి పెట్టు. పసుపు రంగులో.”

ఆ గీత అక్షరాలు లింకులు. లింకు నొక్కితే వచ్చేది గెట్. నోరున్న మనిషైతే ఇక్కడ ‘సార్, లింకు చూపులకు, బటన్ తాంబూలాలకు’ అని ఒక్క ముక్క చెప్పి ఉండేది. నా నోట్లోంచి వచ్చింది ‘సరే సార్’.

“ఇంగోటి. ఆ పాస్‌వర్డు తీసెయ్.”

“అది...” అన్నాను. వాక్యం అక్కడిదాకా వచ్చి కూర్చుండిపోయింది.

“మైదుకూరు మధ్యవర్తికి డెబ్బై ఏండ్లు. ముప్పై ఏండ్లుగా మా గడప తొక్కే మనిషిని గడపలో నిలేసి నువ్వెవురని అడిగితే అలగడా? పేజీ యాడుందో ఎతుక్కునే పని గూడ పెట్టొద్దు. మొదటి పేజీలోనే ‘మధ్యవర్తులకు’ అని ఒక లింకు పెట్టు.”

“సరే సార్.”

అప్పుడాయన జాబితాలో ఒక ఫోటో దగ్గర ఆగారు. గొంతు తగ్గింది.

“ఈ పాప రేవతి. నా బామ్మర్ది ఓబులేసు కూతురు. మైదుకూరులో ఎరువుల అంగడి. కర్నూలు పిల్లోడు, బళ్ళో అయివారు పని. చూపులయినాయి, రెండుపక్కలా నచ్చింది. శ్రావణం రాంగానే తాంబూలాలు. ముప్పై ఏండ్లలో ఊరోళ్ళ పెండ్లిండ్లు శానా చేసినా గాని, మా ఇంటామె పుట్టింటికి చేసింది లేదు. ఇది గిన చెడితే నన్ను ఇంట్లోకి రానియ్యరు. ఆ పొద్దు ఈ పసుపు అక్షరాలు నేనే వచ్చి నొక్కుతా.”

చూపులయ్యాయి, తాంబూలాలు కాలేదు. అంటే రేవతి పెళ్ళి సరిగ్గా గెట్‌కూ పోస్ట్‌కూ మధ్య నిలబడి ఉంది. ఆ సంగతి నాకు తట్టలేదు.

ఆయన వెళ్ళాక బటన్ తీసి పసుపు లింకు పెట్టాను. నొక్కి చూశాను. ‘ఈ పద్ధతికి అనుమతి లేదు’ అంది ఫ్రేమ్‌వర్క్. మా ఆఫీసులో ఎదుటి మనిషికి ‘కుదరదు’ అని మొహం మీద చెప్పగలిగింది అదొక్కటే. దానికి దండం పెట్టవలసింది పోయి, నేను దారుల పట్టిక తెరిచి ‘పోస్ట్’ అని ఉన్నచోట ‘ఏదైనా’ అని మార్చాను. ఒక్క మాట. ఎవరు ఏ పద్ధతిలో వచ్చినా లోపలికి పంపమన్నట్టు. నోరులేని దాన్ని నేను, నోరున్న వాచ్‌మన్ నోరు కూడా మూయించాను.

“అంతా బరాబర్ ఉందా వసూ?” అని అడిగాడు మస్తానన్న.

“సరేనన్నా.”

మర్నాడు శెట్టిగారు ఫోను చేయించి, సైటు లోకమంతా కనపడాలన్నారు. ఒక పెద్ద సెర్చి ఇంజనుకు పోయి మా సైటు చిరునామా నింపి వచ్చాను. ఇళ్ళిళ్ళూ తిరిగి పిలుపులు పిలిచినట్టే.

ఇంతకీ సెర్చి ఇంజను దగ్గర రోబో అని ఒక ప్రోగ్రాం ఉంటుంది. పేజీలు పట్టుకు తిరుగుతూ, కనిపించిన ప్రతి లింకునూ తెరిచి, అవతల ఏముందో చూసి రాసుకుపోవడమే దాని ఉద్యోగం. చాలా మర్యాదస్తుడు. బటన్ల జోలికి పోడు. గెట్‌తోనే వస్తాడు, చూసి పోతాడు. ఎవరింట్లోనూ చెంచా ఎత్తుకుపోడు. కాకపోతే లింకు కనిపిస్తే వదలడు.

ఆ శుక్రవారం మస్తానన్న పొద్దున్నే బయటికి పోయాడు. ఆఫీసులో నేనొక్కదాన్నే. పది ముక్కాలుకు ఫోను మోగింది. ఫోనంటే నాకు పామంత భయం. అది అలిసిపోయే దాకా చూస్తూ కూర్చున్నాను. పదకొండుకు మళ్ళీ మోగింది. పదకొండుంపావుకు మళ్ళీ. ఎవరో పాపం ఓపికగల మనిషి అనుకుని పని చేసుకున్నాను.

పన్నెండు కొట్టిన పది నిమిషాలకు శెట్టిగారు ఆయాసపడుతూ మెట్లెక్కారు. అప్పుడే తిరిగొచ్చిన మస్తానన్న ఆయనకు కుర్చీ వేశాడు.

“ఫోనెత్తవేం పాపా? మూడుసార్లు చేసినా. రాహుకాలంలో గడప దాటగూడదని గమ్మున కూసున్యా గానీ, లేకుంటే అప్పుడే వస్తా ఉంటి. పదిన్నర కాన్నుంచి జనం నాకు థాంక్సులు చెప్తాండారు.”

“మంచిదే కదా శెట్టీ” అన్నాడు మస్తానన్న.

“ఏం మంచిదప్పా. ఆషాఢంలో నేనొక్క సంబంధం గూడ కుదర్చల్యా. సగం మంది థాంక్సులు, సగం మంది తిట్లు.”

నేను సైటు తెరిచాను. పెళ్ళికాని పిల్లల జాబితా ఖాళీ. ఒక్క ఫోటో లేదు. పెళ్ళివారు వెళ్ళిపోయిన మండపంలా ఉంది.

“ఏమయినారు అందరూ?”

“కుదిరిపోయినాయి సార్.”

“ఎవురికి?”

“అందరికీ.”

“ఎవురితో?”

“అది... రాసిలేదు సార్.”

“ఎంతమంది?”

“నూట ముప్పై ఒకటి.”

శెట్టిగారు వేళ్ళమీద లెక్కేశారు. “బేసి లెక్కనా. జత గూడ కలవల్యా?”

మస్తానన్న సర్వరు చిట్టా తీశాడు. ఎవరు ఎన్ని గంటలకు ఏ చిరునామాకు వచ్చారో వరసగా రాసుకునే చిట్టా అది. కాగితం మీద అచ్చు వేస్తే నాలుగు పేజీలు వచ్చింది. అన్ని వరసలలోనూ ఒకే పేరు.

“సెర్చి ఇంజను రోబో” అన్నాడు.

“ఎవురు వాడు? ఏ ఊరు?”

“మనిషి కాదు శెట్టీ. ప్రోగ్రాం.”

“అంటే పట్టుకోని నాలుగు తన్నేదానికి గూడ లేదా?”

“లేదు.”

“వానికి మన పిల్లోళ్ళ పెండ్లిండ్లతో ఏం పని?”

మస్తానన్న నావైపు చూశాడు. శెట్టిగారూ చూశారు. సొమ్మసిల్లే అలవాటున్న యూపీఎస్ ఆ ఒక్కరోజూ సొమ్మసిల్లలేదు. సంజాయిషీ నేనే చెప్పాలి.

“వాడు ఉత్త పెళ్ళిచూపులకే వచ్చినాడు సార్. నేనే... చేతిలో తాంబూలం పెట్టి పంపించినా.”

శెట్టిగారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “చూపులకొచ్చినోని చేతిలో తాంబూలం పెట్టే ఇల్లు యాడన్నా ఉంటాదా పాపా” అన్నారు నిమ్మళంగా. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నా ప్రోగ్రాం అడక్కపోయినా పెట్టింది, నూట ముప్పై ఒక్కసారి.

అప్పుడు ఆయన సెల్ మోగింది. ఓబులేసు.

“బావా, ఏందిది? కర్నూలోళ్ళు ఆ పిల్లోనికి వేరే యాడనో కుదుర్చుకున్నారంట. మెసేజీ వచ్చింది. మా రేవతికేమో కుదిరిందని ఇంగొకటి వచ్చింది. ఎవునితో కుదిరిందప్పా, మాకు తెల్లేదే. నీ చెల్లెలు పొయ్యి గూడ ముట్టియ్యల్యా ఈ పొద్దు.”

“అబద్ధం ఓబులేసూ. నేను మాట్లాడ్తా, నువ్వు తొందరపడాకు.”

“వాళ్ళనే అడుగుదామంటే ఎట్ల అడిగేది? ఆడపిల్లోళ్ళం. గరజు పడి చేసినామంటారు.”

అదీ చిక్కు. ఆడపిల్ల వాళ్ళు ముందు ఫోను చేస్తే గరజు, అంటే అవసరం వాళ్ళదేనని, మగపిల్లవాడి వాళ్ళు చేస్తే చులకన. రెండిళ్ళ మధ్య మాట మోసేది మధ్యవర్తి ఒక్కడే. ఆ మధ్యవర్తి పేరుతోనే రెండిళ్ళకూ మెసేజీలు పోయాయి.

శెట్టిగారు ఆఫీసు ఫోనుతో కర్నూలుకు కలిపారు. ఎత్తింది పిల్లవాడి తల్లి సుబ్బమ్మ. ఆమె గొంతు రిసీవరు దాటి, గది దాటి, కింద టైర్ల అంగడి దాకా వినిపించింది.

“మేం చూసి ఖాయమనుకున్న పిల్లను ఇంగొకరికి ఇస్తారా? మాకు మెసేజీ కొట్టి చెప్తారా? వద్దనేదుంటే మొగం చూసి వద్దనల్ల.”

“లేదమ్మా, అది కంప్యూటరు తప్పు.”

“కంప్యూటరు తప్పు చెయ్యదని మా పిల్లోడే బళ్ళో పాఠం చెప్తాడు శెట్టీ. మాకు చెప్పాకు. ఈ సంబంధం ఇంగ వద్దు.”

శెట్టిగారు రిసీవరు చేత్తో మూసి నావైపు చాచారు.

“నేనేం చెప్పినా మాట మారుస్తాండానంటాది. నువ్వు మాట్లాడు.”

“నేనా?”

“తాంబూలం పెట్టింది నువ్వే కదమ్మా.”

నేను రిసీవరు తీసుకున్నాను. నా జీవితంలో అంత బరువైన వస్తువు అంతకుముందు ఎత్తలేదు.

“నమస్తే అమ్మా. తప్పు కంప్యూటరుది కాదు. నాది.”

“నువ్వెవురు?”

“ఆ ప్రోగ్రాం రాసినదాన్ని.”

“ఆడపిల్లవే. ఏం చేసినావు?”

గెట్, పోస్ట్, దారుల పట్టిక, ఇవేవీ ఆమెకు చెప్పే మాటలు కావు. మాటలు దొరకని మనిషి చేసే పనే చేశాను. చేతిలో చిట్టా కాగితం ఉంది, పైకి చదవడం మొదలుపెట్టాను.

“పది ముప్పై రెండు, కోడుమూరు అబ్బాయి కుదిరింది. పది ముప్పై మూడు, ఆళ్ళగడ్డ అమ్మాయి కుదిరింది. పది ముప్పై మూడు, బనగానపల్లె అబ్బాయి...”

“ఆగాగు. పది ముప్పై రెండంటే ఈ పొద్దేనా?”

“ఈ పొద్దేనమ్మా.”

“ఈ పొద్దు శుక్రవారం కదా. మైదుకూరు పిల్లది ఎన్నింటికి రాసుండాది?”

“పదకొండూ నాలుగు.”

“కడాఖరుది?”

“పదకొండు యాభై ఏడు.”

ఆమె ఎవరినో కేకేసింది. “ఏమయ్యా, ఇట్లరా. పంచాంగం అందుకో.” మేకుకు తగిలించిన పంచాంగం దిగి, పేజీలు తిరిగిన చప్పుడు నాకు వినిపించింది. తర్వాత ఆమె గొంతు మారింది.

“ఆషాఢం. శుక్రవారం. పదిన్నర నుంచి పన్నెండు, నిండా రాహుకాలం. ఆ టైములో మైదుకూరోళ్ళు తాంబూలం పుచ్చుకున్యారా?”

“లేదమ్మా.”

“పుచ్చుకోరు. ఎంత తిక్కోళ్ళయినా పుచ్చుకోరు. ఇది మనుషులు చేసిన పని కాదులే. ఫోను శెట్టికియ్యి.”

మూడేళ్ళు చదివిన ఎంసీఏ నన్ను కాపాడలేదు. మేకుకు వేలాడే పంచాంగం కాపాడింది.

ఓబులేసుకు కూడా అదే నాలుగు పేజీలు చదివాను. పదో వరసలోనే “రాహుకాలమా, చెప్పొద్దూ ముందే” అని ఊపిరి పీల్చుకున్నాడు. అంతటితో పని తీరిందనుకున్నాను. శెట్టిగారు తల అడ్డంగా ఊపారు. “మెసేజీతో పోయిన మర్యాద మెసేజీతో రాదు పాపా. ఇంటింటికీ నోటితోనే చెప్పల్ల.” ఎవరి నోటితో అన్నది ఎవరూ అడగలేదు.

రెండు రోజులు ఫోన్లు చేశాను. మొదటి ఇరవై ఇళ్ళకు చెప్పవలసింది కాగితం మీద రాసుకుని చదివాను. యాభైకి వచ్చేసరికి తిట్లలో ఊరూరికీ తేడా తెలిసింది. అన్నిట్లోకీ కష్టమైనది వేంపల్లె ఫోను. ఆమె కొడుక్కు నలభై ఒకటి దాటాయి. ఆ మెసేజీ కోసం ఎన్నాళ్ళుగా చూస్తోందో.

“నిజం కాదా పాపా? నేను వీధంతా చక్కెర పంచితినే. మళ్ళ పోయి ఎట్ల చెప్పేది?”

“పంచింది పంచినట్టే ఉండనీ పెద్దమ్మా. కుదిరిననాడు ఇంగోసారి పంచుదువు.”

“ఆ పొద్దు నువ్వొస్తావా తినేదానికి?”

“వస్తా పెద్దమ్మా.”

ఆ రోజు డైరీలో మాటలు లెక్కపెట్టలేదు.

ఇక మరమ్మతు. దారుల పట్టికలో ‘ఏదైనా’ కొట్టేసి మళ్ళీ ‘పోస్ట్’ అని రాశాను. పసుపు లింకు తీసి బూడిద బటన్ పెట్టాను. శెట్టిగారు దాన్ని చూసి, “కడప బండే మేలు తల్లీ, దాని కింద నన్ను పూడ్చకుంటే సాలు” అన్నారు. వాచ్‌మన్ మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు. కానీ కుదిరిపోయిన నూట ముప్పై ఒక్కమందినీ ఒక్కొక్కరినే విడిపించాలి కదా. దానికోసం మధ్యవర్తుల పేజీలో, కుదిరినవాళ్ళ పేరు పక్కన ‘కుదరలేదు’ అని ఒకటి పెట్టుకున్నాను. నొక్కితే ఫోటో జాబితాలోకి తిరిగొస్తుంది, ‘ఈ సంబంధం కుదరలేదు’ అని మెసేజీ పోతుంది. అందరినీ విడిపించాక తీసేద్దామనుకుంటే శెట్టిగారు, “ఉండనియ్, ఎప్పుడన్నా పనికొస్తాది” అన్నారు. సరే సార్ అన్నాను.

అది లింకా, బటనా అని మీరు అడగాలి. మీరు అడగలేదు. నన్నూ ఎవరూ అడగలేదు.

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం సాయంత్రం మైదుకూరులో రేవతి తాంబూలాలు జరిగాయి. మర్నాడు శెట్టిగారు అరిసెల డబ్బాతో మా మెట్లెక్కి, కళ్ళజోడు సర్దుకుని, బూడిద బటన్ స్వయంగా నొక్కారు. సర్వరు చిట్టాలో ఆ వరస చూశాను: పోస్ట్. అంత అందమైన అక్షరాలు నేను అంతకుముందు చూడలేదు. ఆ వారంలో ఇంకో ఎనిమిది సంబంధాలు నిజంగానే కుదిరాయి.

రెండో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను. ఫోను మోగింది. ఈసారి రెండో గంటకే ఎత్తాను. నూట ముప్పై ఒక్క ఇళ్ళ తిట్లు తిన్నాక మిగిలిన లాభం అదొక్కటే.

“ఎవురు, పాపనా?” ఓబులేసు గొంతు.

“అవును సార్.”

“మా రేవతి సంబంధం కుదరలేదని ఇప్పుడే మెసేజీ వచ్చింది.”

కళ్ళముందు ఆ ‘కుదరలేదు’ మెరిసింది. అక్షరాల కింద గీతతో, నీలంగా, నిక్షేపంలాంటి లింకు. దారుల పట్టికలో దాని ఎదురుగా నా చేత్తో నేను రాసిన ‘ఏదైనా’. తలుపుకు గడియ పెట్టి కిటికీ బార్లా తెరిచి పడుకున్నాను. మర్యాదస్తుడు మళ్ళీ చూడటానికి వచ్చాడు. పోయినసారి అందరికీ పెళ్ళిళ్ళు కుదిర్చాడు, ఈసారి కుదిరినవన్నీ చెడగొట్టి పోతున్నాడు.

“సార్, అది...”

“మా ఇంట్లోవాళ్ళు పూజలో ఉండారు, ఎవురికీ చెప్పల్యా. ముందు గడియారం సూసినా. పది నలభై.”

నేనూ గోడ గడియారం వైపు చూశాను.

“శుక్రవారం, పది నలభై. మీవాడేనా?”

“మావాడే సార్.”

“సరే అయితే. నేను పన్నెండు దాటినాక అంగడి తీయల్ల” అని పెట్టేశాడు.

వెంటనే సుబ్బమ్మ ఫోను. “రాహుకాలమే గదా పాపా?” “అవునమ్మా.” “వ్రతం పూటా ఊరికే పంపియ్యకూడదు, తాంబూలానికి పిల్చుకుందామంటే వాడు మనిషే గాదంటివి.” ఆమె నవ్వుతూనే ఫోను పెట్టింది. మిగిలిన ఇళ్ళలో సగం మంది అసలు ఫోనే చేయలేదు. నేనే చేస్తే, “ఆ, సూసినాంలే, టైము గూడ సూసినాం” అన్నారు.

రేవతి పెళ్ళి ఆ శ్రావణంలోనే జరిగింది. శెట్టిగారు శుభలేఖ తెచ్చి నా చేతికిచ్చారు. కవరు మీద పసుపు బొట్టు పక్కన, నీలం సిరాతో, ఆయన సొంత దస్తూరీ: ‘తప్పక రావాల. వాణ్ణి మాత్రం తేవద్దు.’

కాబట్టి, ఈ డైరీ మీద చెయ్యి పెట్టి, మేకు మీది పంచాంగం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చూడవచ్చినవాళ్ళకు చూపించి పంపుతాను. తాంబూలం మాత్రం పోస్ట్‌తో వచ్చి అడిగినవాళ్ళకే ఇస్తాను. దారుల పట్టికలో ‘ఏదైనా’ అన్న మాట ఈ జన్మలో మళ్ళీ రాయను. తప్పనిసరై రాయవలసి వస్తే, శుక్రవారం పదిన్నర దాటాకే రాస్తాను. అప్పుడు ఏం జరిగినా, రెండు జిల్లాల్లో ఎవరూ నమ్మరు.